పనిలో స్వయంప్రేరణ: మేలు, కీడు, హద్దులు

ఎవరూ చెప్పకుండానే పని మొదలుపెట్టడం, అజమాయిషీ లేకపోయినా దాన్ని సవ్యంగా చేయడం, మధ్యలో ఆటంకం వస్తే తనంతట తానే దారి వెతుక్కోవడం. ఈ మూడూ కలిసిన గుణమే పనిలో స్వయంప్రేరణ. జీతం, బోనస్, ప్రమోషన్, పైఅధికారి మందలింపు బయటినుంచి పనిచేయించేవి. పని మీద ఇష్టం, నేర్చుకోవాలన్న తపన, చేస్తున్నది నలుగురికీ ఉపయోగపడుతుందన్న నమ్మకం లోపలినుంచి పుట్టేవి. దాదాపు ప్రతి ఉద్యోగిలోనూ రెండూ కలిసే ఉంటాయి. లోపలివి బలంగా ఉన్నవాళ్లను స్వయంప్రేరణ గలవాళ్లంటారు.

ఉద్యోగ ప్రకటనల్లో, ఇంటర్వ్యూల్లో, అప్రైజల్ ఫారాల్లో ఈ గుణానికి మంచి మార్కులే పడతాయి. అయితే దానివల్ల కలిగే మేలు ఎవరికి చేరుతుంది, నష్టం ఎవరి మీద పడుతుంది అన్నవి వేరువేరు ప్రశ్నలు. స్వయంప్రేరణ మంచి ఫలితమివ్వాలంటే మనిషిలో తపన ఉంటే చాలదు. ఆ తపన ఏ రకానిది, దాన్ని పనిచోటు ఎలా వాడుకుంటోంది అన్నవీ అంతే ముఖ్యమని గత వందేళ్ల పరిశోధన చెబుతోంది.

ఆలోచన ఎదిగిన క్రమం

పరిశ్రమల తొలి రోజుల్లో యజమానులు కార్మికుడి మనసును పెద్దగా పట్టించుకోలేదు. అమెరికన్ ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ 1911లో వెలువరించిన శాస్త్రీయ నిర్వహణ గ్రంథంలో పనిని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కోదానికి సమయం కొలిచి, ఎక్కువ చేసినవాడికి ఎక్కువ కూలి ఇవ్వాలని ప్రతిపాదించాడు. ఆలోచించడం మేనేజర్ల వంతు, చెప్పింది చేయడం కార్మికుల వంతు అయింది. ఉత్పత్తి పెరిగింది గాని, పని విసుగ్గా మారింది.

1924 నుంచి కొన్నేళ్ల పాటు షికాగో దగ్గర వెస్ట్రన్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన హాథార్న్ కర్మాగారంలో జరిగిన అధ్యయనాలు కార్మికుల మధ్య సంబంధాలకు, తమను ఎవరైనా పట్టించుకుంటున్నారన్న భావనకు పనితీరులో పాత్ర ఉందన్న ఆలోచనను వ్యాప్తిలోకి తెచ్చాయి. ఆ అధ్యయనాల పద్ధతిపై తర్వాత గట్టి విమర్శలే వచ్చినా, మనిషి కూలి డబ్బుల కోసమే పనిచేస్తాడన్న నమ్మకం మాత్రం అక్కడినుంచే సడలింది. 1950లో హ్యారీ హార్లో ప్రచురించిన ప్రయోగాలు మరో కోణాన్ని చూపాయి. తిండి ఆశ చూపకపోయినా కోతులు తాళపు చిక్కులను విప్పుతూ కూర్చున్నాయి. చేయడంలోని ఆసక్తే వాటిని కదిలించింది.

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం పిట్స్‌బర్గ్ ప్రాంతంలోని సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి 1959లో ఒక గ్రంథం ప్రచురించింది. జీతం, పని వాతావరణం, పర్యవేక్షణ సరిగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది. అవి సరిగా ఉన్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదు. ఉత్సాహానికి సాధించామన్న తృప్తి, గుర్తింపు, బాధ్యత, ఎదుగుదల కావాలి. ఇదీ ఆయన వాదన. మరుసటి ఏడాది డగ్లస్ మెక్‌గ్రెగర్ మేనేజర్ల నమ్మకాలను రెండు వర్గాలుగా విడదీశాడు. మనుషులు స్వభావరీత్యా బద్ధకస్తులని, వెంటపడి చేయించాలని అనుకునేవాళ్లు ఒకవైపు. అవకాశమిస్తే మనుషులే బాధ్యత నెత్తికెత్తుకుంటారని నమ్మేవాళ్లు మరోవైపు.

ఈ ఆలోచనలకు ప్రయోగాల పునాది వేసినవాడు ఎడ్వర్డ్ డెసి. ఆయన 1971లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులకు సోమా క్యూబ్ అనే ముక్కల పజిల్ ఇచ్చి, కొందరికి విప్పిన ప్రతి పజిల్‌కూ డబ్బు చెల్లించాడు. డబ్బు ఆపేశాక, ఖాళీ సమయంలో వాళ్లు ఆ పజిల్ జోలికి పోవడం తగ్గింది. తర్వాత డెసి, రిచర్డ్ రయాన్ కలిసి రూపొందించిన స్వీయ నిర్ణయ సిద్ధాంతం ఈ రంగంలో ఇప్పటికీ ప్రధానమైనది. తన పని మీద తనకు అదుపు ఉండటం, చేతనవుతోందన్న నమ్మకం కలగడం, తోటివారితో అనుబంధం ఉండటం అనే మూడు అవసరాలు తీరినచోట స్వయంప్రేరణ నిలుస్తుందని, తీరనిచోట వాడిపోతుందని ఆ సిద్ధాంతం చెబుతుంది.

స్వయంప్రేరణలో రకాలు

బయటికి ఒకేలా కనిపించే స్వయంప్రేరణ లోపల ఒకే రకంగా ఉండదు. రాత్రి తొమ్మిదింటి దాకా ఆఫీసులో కూర్చున్న ముగ్గురిని తీసుకుంటే, ఒకరికి చేతిలో ఉన్న సమస్యే ఆసక్తిగా ఉండవచ్చు. మరొకరికి పని రుచించకపోయినా దాని ప్రయోజనం మీద గట్టి నమ్మకం ఉండవచ్చు. మూడోవారిని ముందే వెళ్లిపోతే ఏమనుకుంటారో అన్న భయం గాని, తనకు తాను చిన్నబోతానన్న అపరాధభావం గాని కట్టిపడేయవచ్చు.

స్వీయ నిర్ణయ సిద్ధాంతం ప్రకారం మొదటిది అంతర్గత ప్రేరణ. రెండోది విలువను తనదిగా చేసుకున్న ప్రేరణ. మూడోది లోపలికి చేరిన బయటి ఒత్తిడి. మూడోదాంట్లో అజమాయిషీ చేసే మనిషి కనిపించడు గాని, అజమాయిషీ మాత్రం మనసులోనే కాపురం ఉంటుంది. మొదటి రెండూ సాధారణంగా ఆరోగ్యానికి, నిలకడకు తోడవుతాయి. మూడోది కొంతకాలం పని జరిపించినా ఆందోళనను, అలసటను వెంటతెస్తుంది.

కెనడా మనస్తత్వవేత్త రాబర్ట్ వాలరాండ్ బృందం 2003లో ఇదే తేడాను తపన విషయంలో చూపింది. పని మీది తపన జీవితంలోని మిగతావాటితో సర్దుకుపోతే అది సామరస్యంగా ఉన్నట్టు. మనిషి దాన్ని ఆపుకోలేక, ఆపితే ఉండలేక సతమతమైతే అది పట్టి పీడించే తపన. మొదటిదానిలో మనిషి పనిని వదిలి లేవగలడు. రెండోదానిలో పనే మనిషిని వదలదు. మేలు కీడుల చర్చలో చాలా గందరగోళం ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్లే వస్తోంది.

మేలు

మొదటి మేలు పని నాణ్యత. క్రిస్టఫర్ సెరసోలీ, మరో ఇద్దరు పరిశోధకులు నలభై ఏళ్ల అధ్యయనాలను క్రోడీకరించి 2014లో ప్రచురించిన విశ్లేషణలో స్పష్టమైన తేడా కనబడింది. ఎంత పని జరిగిందన్నదానికి బయటి ప్రోత్సాహకాలతో ఎక్కువ సంబంధం ఉంది. ఎంత బాగా జరిగిందన్నదానికి లోపలి ప్రేరణతో ఎక్కువ సంబంధం ఉంది. లెక్కపెట్టగలిగే పనికి ఇన్సెంటివ్ సరిపోవచ్చు. జాగ్రత్త, ఆలోచన, నేర్పు కావలసిన పనిని లెక్కతో కొలవడం కష్టం. అక్కడ చేసేవారి శ్రద్ధే హామీ.

రెండోది కొత్తదనం. తర్వాత హార్వర్డ్ ఆచార్యురాలైన తెరెసా అమబైల్ 1985లో ప్రచురించిన ప్రయోగంలో, రాసేవాళ్లను కొద్ది నిమిషాలు పేరు, డబ్బు వంటి కారణాల గురించి ఆలోచింపజేసినందుకే వాళ్లు తర్వాత రాసిన చిన్న కవితల్లో సృజన తగ్గిందని నిర్ణేతలు తేల్చారు. పరిశ్రమలో దీనికి అందరూ చెప్పే ఉదాహరణ త్రీఎం సంస్థ. అక్కడ సాంకేతిక సిబ్బంది తమ పనివేళల్లో 15 శాతం దాకా సొంత ఆలోచనలకు వాడుకోవచ్చు. 1968లో స్పెన్సర్ సిల్వర్ తయారుచేసిన, గట్టిగా అంటని జిగురుకు చాలాకాలం ఉపయోగమే దొరకలేదు. 1974లో సహోద్యోగి ఆర్ట్ ఫ్రై దాన్ని పుస్తకంలో పెట్టుకునే గుర్తుచీటీలకు వాడవచ్చని కనిపెట్టాడు. 1980లో అదే పోస్ట్-ఇట్ పేరుతో అమెరికా అంతటా మార్కెట్లోకి వచ్చింది.

మూడోది పట్టుదల. తెలంగాణలోని ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం కథ దీనికి నిలువెత్తు సాక్ష్యం. పోచంపల్లి రకం చీరకు నూలును మేకుల చుట్టూ తిప్పే ఆసు పనిలో ఒక్కో చీరకు వేల సార్లు చేయి ఆడించాలి. ఆ పని చేసి తల్లి భుజం నొప్పితో బాధపడటం చూసి, ఆరో తరగతితో చదువు ఆగిన మల్లేశం 1992లో యంత్రం తయారీ మొదలుపెట్టాడు. డబ్బు చాలక పని ఆగిపోయినా, హైదరాబాదు వెళ్లి వేరే పని చేసుకుంటూనే ప్రయత్నం కొనసాగించాడు. 1999లో యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మి ఆసు యంత్రం అన్నాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఏ జీతమూ, ఏ టార్గెట్టూ ఏడేళ్లపాటు ఒక మనిషిని అలా నిలబెట్టలేవు.

నాలుగోది నేర్చుకునే గుణం. ఇష్టంతో పనిచేసేవారు తమ లోపాలను వెతికి సరిదిద్దుకుంటారు. అవసరమైన కొత్త విద్యను ఎవరూ పురమాయించకుండానే పట్టుకుంటారు. భీమవరంలో పుట్టి అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు వైద్యం చదివి జీవరసాయన శాస్త్రంలోకి మళ్లాడు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని రూపొందించాడు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి, ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణ, ఫైలేరియా మందు హెట్రజాన్ వంటి వేరువేరు పరిశోధనలను ఏకకాలంలో నడిపించాడు. ఒక రంగపు హద్దుల్లో ఆగని ఆసక్తి లేకపోతే అంత విస్తృతి సాధ్యం కాదు.

ఐదోది సంస్థకు తగ్గే ఖర్చు, ఉద్యోగికి దక్కే స్వేచ్ఛ. అడుగడుగునా తనిఖీ అక్కర్లేని ఉద్యోగి ఉన్నచోట పైఅధికారికి సమయం మిగులుతుంది. 2020 తర్వాత ఇంటినుంచి పనిచేసే పద్ధతి విస్తరించినప్పుడు ఈ గుణం విలువ మరింత తెలిసివచ్చింది. ఉద్యోగి వైపునుంచి చూస్తే, ఇష్టమైన పనిలో లీనమైపోయే స్థితి దానికదే ఒక సంతోషం. మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ 1970ల నుంచి అధ్యయనం చేసింది ఈ తన్మయత్వాన్నే. పని కష్టం, మనిషి నేర్పు సమానంగా ఉన్నచోట అది కలుగుతుందని ఆయన చెప్పాడు.

బహుమతులతో పేచీ

బయటి ప్రోత్సాహకం లోపలి ఇష్టాన్ని చంపుతుందా అన్నది ఈ రంగంలో అతిపెద్ద వివాదం. 1973లో మార్క్ లెపర్ బృందం బొమ్మలు గీయడం ఇష్టపడే నర్సరీ పిల్లల్లో కొందరికి, గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పింది. కొందరికి చెప్పకుండా ఇచ్చింది. కొందరికి అసలివ్వలేదు. కొద్ది రోజుల తర్వాత చూస్తే ముందే ఆశ చూపిన పిల్లలు మాత్రమే బొమ్మలు గీయడం బాగా తగ్గించారు. చెప్పకుండా ఇచ్చినవాళ్లలో ఆ నష్టం లేదు.

1994లో జూడీ కామెరన్, డేవిడ్ పియర్స్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను సమీక్షించి, బహుమతుల వల్ల సాధారణంగా హాని లేదన్నారు. 1999లో డెసి బృందం 128 ప్రయోగాలను విశ్లేషించి, ముందే ప్రకటించి షరతుతో ఇచ్చే వస్తురూప బహుమతులు ఆసక్తిని తగ్గిస్తాయని, నిజాయతీగల ప్రశంస పెంచుతుందని జవాబిచ్చింది. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే విషయాలు కొన్ని ఉన్నాయి. మొదటినుంచీ ఆసక్తి లేని పనికి బహుమతి వల్ల పోయేదేమీ లేదు. బహుమతిని అదుపు చేసే సాధనంగా వాడితే నష్టం. గుర్తింపుగా ఇస్తే మేలు. న్యాయమైన జీతం ఈ వివాదం పరిధిలోకే రాదు. ప్రయోగశాలలో పజిల్‌కిచ్చే డబ్బుకు, కుటుంబం గడిచే జీతానికి పోలిక లేదు. స్వయంప్రేరణ ఉన్నవాళ్లకు డబ్బు అక్కర్లేదన్న తీర్మానం ఈ పరిశోధనల్లో ఎక్కడా లేదు.

ఉద్యోగికి కలిగే కీడు

మొదటి ప్రమాదం పనిగంటలకు అంతు లేకపోవడం. బయటివారు పెట్టే పనికి హద్దు గీయవచ్చు, యూనియన్ పోరాడవచ్చు, చట్టం అడ్డుకోవచ్చు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటల పరిమితి పెట్టి, ఓవర్‌టైమ్‌కు రెట్టింపు వేతనం నిర్దేశించింది. తనంతట తాను మీదేసుకున్న పనికి అలాంటి రక్షణ దొరకడం కష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించిన అంచనా ప్రకారం, వారానికి 35–40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. గంటలు ఇష్టంతో గడిచినా, బలవంతంగా గడిచినా శరీరానికి విశ్రాంతి కావలసిందే.

రెండోది బర్నౌట్. హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో దీన్ని వర్ణించింది ఉచిత వైద్యశాలల్లో సేవాభావంతో పనిచేసేవారిని చూసే. పనిలో ఎక్కువగా లీనమై, అంకితభావంతో ఉన్నవాళ్లే దానికి గురవుతున్నారని ఆయన గుర్తించాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని వృత్తి సంబంధమైన సమస్యగా తన వర్గీకరణలో నిర్వచించింది. శక్తి ఇంకిపోవడం, పని మీద విముఖత, పనితీరు మీద నమ్మకం సడలడం దాని లక్షణాలు.

మూడోది దోపిడీ. అమెరికా, కెనడా జంతు ప్రదర్శనశాలల సంరక్షకులపై స్టువర్ట్ బండర్సన్, జెఫ్రీ థాంప్సన్ 2009లో ప్రచురించిన అధ్యయనం ఇందులో ప్రసిద్ధం. జంతువులను చూసుకోవడమే తమ జన్మకు సార్థకత అనుకునే సంరక్షకులకు పని గొప్ప అర్థాన్నిచ్చింది. అదే భావన వల్ల వాళ్లు తక్కువ జీతానికి, సొంత సమయం వదులుకోవడానికి సిద్ధపడ్డారు. 2020లో జే కిమ్ బృందం ప్రచురించిన అధ్యయనాల్లో, తపన ఉన్న ఉద్యోగితో జీతం లేని అదనపు పని, తనది కాని పని చేయించడం అంత తప్పు కాదని జనం భావించినట్టు తేలింది. అడిగితే వాళ్లే ఒప్పుకునేవాళ్లన్న ఊహ, ఆ పనే వాళ్లకు ప్రతిఫలమన్న ఊహ దీనికి మూలం.

మన దేశంలో దీనికి పెద్ద ఉదాహరణ ఆశా కార్యకర్తలు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఈ వ్యవస్థలో దాదాపు 10 లక్షల మంది మహిళలున్నారు. గర్భిణుల నమోదు నుంచి కోవిడ్ కాలపు ఇంటింటి సర్వే దాకా భారం మోశారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లను అంతర్జాతీయ పురస్కారంతో గౌరవించింది. అయినా వ్యవస్థ దృష్టిలో వాళ్లు స్వచ్ఛంద కార్యకర్తలే. అందేది జీతం కాదు, గౌరవ వేతనం, చేసిన పనినిబట్టి వచ్చే ఇన్సెంటివ్. అంగన్‌వాడీ కార్యకర్తలదీ ఇదే పరిస్థితి. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు వేతనాల కోసం సమ్మెకు దిగారు. సేవాభావాన్ని పొగుడుతూ దానికి ధర కట్టకపోవడం న్యాయం కాదు.

నాలుగోది గుర్తింపు దక్కకపోవడం. పని మీదే మనసు పెట్టినవారు దాన్ని చాటుకోవడం మీద దృష్టి పెట్టరు. సుబ్బారావు 1948లో మరణించాడు. అంతటి కృషికి తగ్గ పేరు సామాన్య జనంలో ఆయనకు చాలాకాలం రాలేదు. ఆఫీసుల్లోనూ చడీచప్పుడు లేకుండా సమస్యలు తీర్చేవారి కంటే, పెద్దల కంటపడేలా తిరిగేవారికి ముందు ప్రమోషన్ రావడం తెలిసిన సంగతే.

జట్టుకు, సంస్థకు కలిగే కీడు

ఇష్టమైన పని బాగా చేసేవారు ఇష్టం లేని పనిని పక్కనపెట్టడం ఒక సమస్య. జిహే షిన్, ఆడమ్ గ్రాంట్ 2019లో ప్రచురించిన పరిశోధనలో, ఒక పని మీద విపరీతమైన ఆసక్తి ఉన్నవారికి మిగతా పనులు మరింత విసుగు పుట్టించి, వాటిలో పనితీరు తగ్గినట్టు కనబడింది. కొత్త ఫీచర్ రాయడంలో ఆరితేరిన ప్రోగ్రామరు డాక్యుమెంటేషన్‌ను, టెస్టింగ్‌ను వాయిదా వేయడం ఇలాంటిదే. ఉద్యోగమంటే ఇష్టమైన పనీ, తప్పని పనీ కలిసిన మూట.

దిశ మరో సమస్య. చొరవ ఎంత ఉన్నా అది జట్టు లక్ష్యంవైపు సాగకపోతే శ్రమ వృథా అవుతుంది. అడగకుండానే నిర్ణయాలు తీసుకునే అలవాటు ఆసుపత్రిలో, విద్యుత్ కేంద్రంలో, రైల్వేలో ప్రమాదకరం కూడా. అక్కడి నియమాలు గతంలో జరిగిన ప్రమాదాలనుంచి పుట్టినవి. ఉత్సాహం కొద్దీ వాటిని దాటేస్తే నష్టం చేసినవారితో ఆగదు.

పని పంపకంలోనూ చిక్కు వస్తుంది. చేసేవారికే ఇంకా పని అప్పగించడం పైఅధికారికి తేలిక. కొన్నాళ్లకు జట్టు మొత్తం ఒకరిద్దరి మీద ఆధారపడుతుంది. మిగతావారు నేర్చుకునే అవకాశం పోగొట్టుకుంటారు. ఆ ఒకరిద్దరూ సెలవు పెట్టినా, మానేసినా పని కుంటుపడుతుంది. ఎప్పుడూ తనంతట తాను చేసుకుపోయేవారు ఇతరులకు పని అప్పగించలేరు. మంచి పనివాడని ప్రమోషన్ ఇస్తే, టీమ్ లీడ్‌గా ఉండి కూడా అన్నీ తానే చేయబోయేవారు అందుకే కనిపిస్తారు.

వీటికి తోడు కొలమానం సమస్య ఉంది. ఒకరి అసాధారణ శ్రమ క్రమంగా అందరికీ మామూలు ప్రమాణమవుతుంది. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి, యువత వారానికి 70 గంటలు పనిచేయడానికి సిద్ధపడాలన్నప్పుడు దేశమంతా చర్చ జరిగింది. సంస్థను స్థాపించినవారి శ్రమ ఫలితంలో వాళ్లకు వాటా ఉంటుంది, నిర్ణయాలపై అదుపు ఉంటుంది. జీతగాడికి అవి రెండూ తక్కువే. ఆ తేడా చూడకుండా వ్యవస్థాపకుల తపనను ఉద్యోగుల నుంచి ఆశించడం సరికాదు.

మేలు నిలిచే పరిస్థితులు

పనిని మలిచే తీరు ఇందులో కీలకం. రిచర్డ్ హ్యాక్‌మన్, గ్రెగ్ ఓల్డమ్ 1970లలో ఐదు లక్షణాలు చెప్పారు. పనిలో పలు నైపుణ్యాలు అవసరం కావాలి. మొదలు నుంచి తుది వరకు ఒక రూపం కనిపించాలి. ఇతరుల జీవితంపై దాని ప్రభావం తెలియాలి. చేసే పద్ధతిలో స్వేచ్ఛ ఉండాలి. ఫలితం ఎలా వచ్చిందో తెలుస్తుండాలి. ఇవి లోపించినచోట ఉద్యోగికి స్వయంప్రేరణ లేదని నిందించడం కంటే పనిని సరిదిద్దడం ముందు చేయాల్సింది. ఒక విశ్వవిద్యాలయానికి ఫోన్లో విరాళాలు సేకరించే సిబ్బందిని, ఆ విరాళాలతో చదువుకున్న విద్యార్థితో కొద్ది నిమిషాలు మాట్లాడించి ఆడమ్ గ్రాంట్ 2007లో ప్రయోగఫలితం ప్రచురించాడు. నెల తర్వాత వాళ్లు తెచ్చిన విరాళాలు రెట్టింపు దాటాయి. జీతం మారలేదు, పని ఎవరికి చేరుతోందో కళ్లకు కట్టింది.

అనుభవం కూడా లెక్కలోకి వస్తుంది. కొత్తగా చేరినవారిని స్వయంప్రేరణ పేరుతో ఒంటరిగా వదిలేస్తే తడబడతారు. వాళ్లకు మొదట దగ్గరి మార్గదర్శనం కావాలి; చేయి తిరిగేకొద్దీ స్వేచ్ఛ పెంచాలి. సంస్థ చేయవలసినవి ఇంకా ఉన్నాయి. లక్ష్యాన్ని స్పష్టంగా చెప్పి పద్ధతిని ఉద్యోగికి వదలడం, అదనపు పనిని నమోదు చేసి ప్రతిఫలమివ్వడం, పనిని జట్టంతటికీ పంచడం, సెలవు తీసుకున్నవారిని చిన్నచూపు చూడకపోవడం. ఫ్రాన్స్‌లో 2017 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం, 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలు పనివేళలు దాటాక ఫోన్లు, ఈమెయిళ్లకు దూరంగా ఉండే హక్కుపై ఉద్యోగులతో సంప్రదింపులు జరపాలంటోంది. స్వయంప్రేరణ గల ఉద్యోగులకు ఇలాంటి హద్దు మరింత అవసరం, ఎందుకంటే వాళ్లు తమంతట తాము ఆగరు.

ఉద్యోగి తనకు తాను వేసుకోదగిన ప్రశ్నలూ ఉన్నాయి. ఈ పని ఇష్టంతో చేస్తున్నానా, ఆపితే తప్పు చేసినట్టుంటుందని చేస్తున్నానా? ఆపాలనుకున్నప్పుడు ఆపగలనా? అదనంగా చేస్తున్నది పైవాళ్లకు తెలుసా? దీనివల్ల నేను నేర్చుకుంటున్నది ఏమైనా ఉందా? జవాబులు వరుసగా ప్రతికూలంగా ఉంటే, ఆ ప్రేరణ మేలు చేసే రకం కాదని గుర్తించి పనిభారం గురించి మాట్లాడటమే మంచిది.

మొత్తమ్మీద, స్వయంప్రేరణ నాణ్యమైన పనికి, కొత్త ఆలోచనకు, దీర్ఘకాలపు పట్టుదలకు మూలాధారం. దాని స్థానాన్ని జీతం గాని, అజమాయిషీ గాని పూర్తిగా భర్తీ చేయలేవు. న్యాయమైన జీతం, పరిమితమైన పనివేళలు, స్పష్టమైన లక్ష్యం, తగిన గుర్తింపు ఇవ్వాల్సిన బాధ్యతను కూడా స్వయంప్రేరణ రద్దు చేయలేదు. ఈ నాలుగూ ఉన్నచోట దాని మేలు ఉద్యోగికీ సంస్థకూ అందుతుంది. అవి లేనిచోట పని కొంతకాలం చక్కగానే సాగినట్టు కనిపించినా, దాని ఖర్చు ఉద్యోగి ఆరోగ్యం నుంచి, కుటుంబ సమయం నుంచి పోతుంది.